కుక్క ఒంటిమీద గడ్డ: ఆపరేషన్‌కు ముందు, తర్వాత ఏం చేయాలి

స్నానం చేయిస్తున్నప్పుడో, గోమార్లు ఏరుతున్నప్పుడో కుక్క ఒంటిమీద చేతికి ఏదో గట్టిగా తగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "కొవ్వు గడ్డేలే, దాని మానాన దాన్ని వదిలేయ్" అంటారు. పక్కింటివాళ్లు "క్యాన్సరేమో, రేపే కోయించెయ్" అంటారు. రెండూ ఆ గడ్డ ఏమిటో తెలియకుండా అన్న మాటలే. నేను పెంపుడు జంతువుల వైద్యంలో ఉన్నాను. కోసిన చోటే మళ్లీ లేచిన గడ్డతో కుక్కను తీసుకొచ్చినవాళ్లను పాత కాగితాలు అడిగితే, చాలాసార్లు ఏమీ ఉండవు. కోయకముందు సూది పరీక్ష చేయలేదు, కోశాక గడ్డను ల్యాబ్‌కు పంపలేదు. ఏ గడ్డ కోశారో ఎవరికీ తెలియదు.

గడ్డ మళ్లీ వస్తుందా, రాదా అన్నది చాలావరకు మొదటి ఆపరేషన్‌లోనే తేలిపోతుంది. ఒకసారి కత్తి పడ్డాక చర్మం కింది పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎక్కడిదాకా గడ్డ, ఎక్కడి నుంచి మచ్చ అన్నది రెండోసారి కోసేవాళ్లకు చేతికి తెలియదు. మిగిలిపోయిన కణాలు గాయం పొడుగునా చేరి ఉండొచ్చు కాబట్టి రెండోసారి ఇంకా వెడల్పుగా, ఇంకా లోతుగా కోయాలి. అప్పటికి అక్కడ చర్మమే మిగలకపోవచ్చు. అందుకే మొదటి కోతకు ముందు చేసుకోవాల్సిన పనుల గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

1. చేత్తో వెతకండి, కొలత రాసి పెట్టుకోండి

నెలకోసారి, ఒకే తేదీన, కుక్క ఒళ్లంతా తడమండి. వీపు, పక్కలు అందరూ చూస్తారు. వదిలేసేవి చంకలు, గజ్జలు, తోక కింద, వేళ్ల మధ్య, పెదవుల లోపలి వైపు, మెడపట్టీ కింద, మగకుక్కల్లో వృషణాల సంచి. కనిపించినదల్లా గడ్డ కాదు. మగకుక్కకూ చనుమొనలు ఉంటాయి, వాటిని చూసి కంగారుపడి వచ్చేవాళ్లున్నారు. రక్తం తాగి ఉబ్బిన గోమారి కూడా బూడిదరంగు గడ్డలాగే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే చర్మం దగ్గర కాళ్లు కనిపిస్తాయి.

నిజంగా గడ్డే అయితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తేదీ, ఎన్ని సెంటీమీటర్లు, ఒంట్లో ఎక్కడ, వేళ్లతో పట్టుకుంటే కదులుతోందా, మీద వెంట్రుకలు రాలాయా, పుండు పడిందా అన్నవి రాసుకోండి. ఒక రోజు ఉబ్బి రెండు రోజులకు తగ్గితే అది తప్పకుండా రాయండి. మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చెడ్డ గడ్డ ఇలాగే పెరుగుతూ తగ్గుతూ మోసం చేస్తుంది. దాని కణాల్లో హిస్టమిన్ అనే, వాపు తెచ్చే రసాయనం నిండి ఉంటుంది. నలిపితే అది బయటికి వచ్చి గడ్డ, చుట్టుపక్కల చర్మం ఎర్రగా వాస్తాయి. కాబట్టి ఏ గడ్డనైనా పిసికి చూడొద్దు. పులిపిరికి కట్టినట్టు వెంట్రుకో దారమో కట్టడం, సున్నం పెట్టడం, వేడి కాపడం పెట్టడం అసలు వద్దు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి? గడ్డ సెంటీమీటరుకు చేరినా, చిన్నదే అయినా నెల దాటి అక్కడే ఉన్నా సూది పరీక్ష చేయించాల్సిందే. వారాల్లో పెరుగుతుంటే, రక్తం కారుతుంటే, గోరు మొదట్లో వాపు ఉంటే నెల ఆగకుండా ఆ వారంలోనే వెళ్లండి.

2. కత్తి కంటే ముందు సూది

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మీరు పట్టుబట్టి చేయించుకోవాల్సినది ఈ ఒక్క పరీక్షే అయినా ఫరవాలేదు. డాక్టర్లు ఎఫ్ఎన్ఏ అంటారు, వాడుకలో సూది పరీక్ష. టీకాకు వాడేంత సన్నటి సూదే, 22 లేదా 23 గేజ్. మత్తు అక్కర్లేదు. చాలా కుక్కలు ఎవరైనా బిస్కెట్ తినిపిస్తుంటే కదలకుండా ఉంటాయి.

డాక్టరు గడ్డను రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, సూదిని లోపలికి పెట్టి, బయటికి తీయకుండానే నాలుగైదు వైపులకు ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. తర్వాత గాలి నింపిన సిరంజిని సూదికి తగిలించి, సూదిలో చేరిన పదార్థాన్ని గాజు పలక మీదికి ఊదుతారు. ఇంకో పలకతో దాన్ని పల్చగా పరుస్తారు. కొవ్వు గడ్డయితే పలక మీద నూనె బొట్లు మెరుస్తూ ఉంటాయి, ఎంతసేపు గాలికి పెట్టినా ఆరవు. అది చూసి "కొవ్వే" అని అక్కడే తేల్చేయొద్దు. రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడాలి, ఎందుకంటే సూది గడ్డలోకి వెళ్లకుండా పక్కనున్న మామూలు కొవ్వులోకి వెళ్లినా అలాగే కనిపిస్తుంది. మాస్ట్ సెల్ అయితే గుండ్రటి కణాల నిండా ఊదారంగు రేణువులు కనిపిస్తాయి. కొన్ని కణాలు పగిలి ఆ రేణువులు చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. తొందరగా పనైపోయే రంగుల్లో కొన్నిసార్లు ఈ రేణువులు సరిగా పట్టుకోవు, జీమ్సా రంగులో బాగా కనిపిస్తాయి. అందుకే అనుమానం తీరకపోతే పలకను పాథాలజిస్టుకు, అంటే కణాలను చూసి జబ్బు తేల్చే ల్యాబ్ డాక్టరుకు, పంపమని అడగండి.

"సూది పెడితే క్యాన్సర్ పాకుతుందట కదా" అని చాలామంది అడుగుతారు. చర్మపు గడ్డల్లో అలా జరగడం చాలా చాలా అరుదు. ఆ భయంతో పరీక్ష మానేసి, గడ్డ పేరు తెలియకుండా కోయించడం వల్ల జరిగే నష్టం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. మాస్ట్ సెల్ గడ్డలో సూది పెడితే కాసేపు వాపు, ఎరుపు రావచ్చు. అందుకు డాక్టరు యాంటీ హిస్టమిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

చేత్తో తడిమి చెప్పడం నమ్మదగ్గది కాదు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. లాబ్రడార్లకు కొవ్వు గడ్డలు ఎక్కువ, మాస్ట్ సెల్ ట్యూమర్లూ ఎక్కువే. చర్మం కింద ఉండే మాస్ట్ సెల్ గడ్డ చేతికి అచ్చం కొవ్వు గడ్డలా మెత్తగా జారుతూ తగులుతుంది. ఎంత అనుభవం ఉన్న చేయి అయినా రెండింటికీ తేడా పట్టలేదు. పాతిక గడ్డలున్న ముసలి లాబ్రడార్‌కు కూడా ఏ గడ్డకు ఆ గడ్డ పరీక్ష చేయాలి. ఒకటి కొవ్వని తేలితే మిగతావన్నీ కొవ్వని అర్థం కాదు.

కొన్ని గడ్డలు సూదికి కణాలను వదలవు. చర్మం కింది మెత్తటి భాగాల్లో పుట్టే సాఫ్ట్ టిష్యూ సార్కోమా అనే చెడ్డ జాతి ఎక్కువగా అలాంటిదే. అప్పుడు చిన్న ముక్క తీసి పంపుతారు, అదే బయాప్సీ. ఆ ముక్క తీసిన చోటును కూడా తర్వాత పెద్ద ఆపరేషన్‌లో కలిపి తీసేయాలి కాబట్టి, ఎక్కడ కోత పెట్టాలో పెద్ద ఆపరేషన్ చేయబోయే డాక్టరే నిర్ణయిస్తే మంచిది.

3. పేరు తెలిశాక: ఏది కోయించాలి, ఏది వద్దు

అన్ని గడ్డలకూ కత్తి అక్కర్లేదు.

మూడేళ్ల లోపు కుక్కకు చెవి మీదో కాలి మీదో ఎర్రగా, గుండ్రంగా, వెంట్రుకలు లేకుండా లేచేది తరచుగా హిస్టియోసైటోమా. సూది పరీక్షలో అదేనని తేలితే రెండు మూడు నెలలు చూడొచ్చు, చాలావరకు దానంతట అదే పోతుంది. కుక్కపిల్లల నోటి చుట్టూ వైరస్ వల్ల వచ్చే పులిపిర్లూ అంతే. కొవ్వు గడ్డ నడకకు అడ్డం రాకపోతే, పెరగకపోతే వదిలేయొచ్చు. కాకపోతే కండరాల మధ్యలోకి పాకే కొవ్వు గడ్డ ఒకటుంది, అది వేరు. ప్రాణాంతకం కాకపోయినా కోశాక మళ్లీ వచ్చే గుణం దానికి ఎక్కువ. తోక కింద, మలద్వారం చుట్టూ గడ్డలు లేచిన మగకుక్కకు వృషణాలు తీయించి ఉండకపోతే, ముందు ఆ ఆపరేషన్ చేయించాలి. ఆ గడ్డల్లో ఎక్కువ భాగం మగ హార్మోన్ మీద బతికేవే. హార్మోన్ ఆగిపోతే కుంచించుకుపోతాయి. అది చేయకుండా గడ్డ ఒక్కటే కోస్తే పక్కనే ఇంకొకటి లేస్తుంది.

మన ఊళ్లలో వీధికుక్కల్లో, జత కట్టడానికి బయట తిరిగే పెంపుడు కుక్కల్లో బాగా కనిపించేది టీవీటీ అనే అంటుగడ్డ. జత కట్టినప్పుడు, నాకినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఆ కణాలే అంటుకుంటాయి. ఎక్కువగా జననాంగం దగ్గర ఎర్రగా, పొరపొరలుగా, రక్తం కారుతూ ఉంటుంది. ముక్కులోనూ చర్మం మీదా కూడా రావచ్చు. దీన్ని కోయించొద్దు. కోస్తే తిరిగి వస్తుంది. విన్‌క్రిస్టీన్ అనే మందును వారానికోసారి నరంలోకి ఇస్తే, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో కరిగిపోతుంది. వీధికుక్కలను చూసుకునేవాళ్లకు ఇది తప్పకుండా తెలియాలి. అనవసరపు ఆపరేషన్ల పాలైన కుక్కలు ఇందులోనే ఎక్కువ.

ఇక కోయాల్సినవి: మాస్ట్ సెల్ ట్యూమర్, సాఫ్ట్ టిష్యూ సార్కోమా, స్క్వామస్ సెల్ కార్సినోమా (చర్మం పైపొర కణాల క్యాన్సర్), గోరు మొదట్లోనూ నోట్లోనూ వచ్చే మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల గడ్డ). వెంట్రుకలున్న చర్మం మీద మెలనోమా చాలావరకు మంచిదే అయినా పరీక్ష చేయందే చెప్పలేం. గోరు దగ్గరిదైతే వేలినే తీసేస్తారు. ఆ మాట వినగానే గుండె జారిపోతుంది కానీ, వేలు పోయిన కుక్క కొన్ని వారాల్లో మామూలుగా పరుగెత్తుతుంది.

రొమ్ము గడ్డలు చర్మపు గడ్డల్లాగే కనిపించినా వాటి లెక్క వేరు, ఇక్కడ చెప్పినదంతా వాటికి ఉన్నదున్నట్టు వర్తించదు.

4. పాకిందేమో చూడండి, రక్తం చూడండి

చెడ్డ గడ్డ అని తేలితే ముందు దగ్గర్లోని లింఫ్ గ్రంథిని, అంటే వాడుకలో బిళ్లను, చూడాలి. వాచినా వాయకపోయినా దాంట్లోకీ సూది పెట్టి చూడటం మంచిది. మాస్ట్ సెల్ కణాలు వాపు లేని బిళ్లలో కూడా దొరుకుతాయి. తర్వాత గడ్డ జాతిని బట్టి ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్. మాస్ట్ సెల్ ఎక్కువగా ప్లీహం, కాలేయం వైపు వెళ్తుంది కాబట్టి దానికి పొట్ట స్కానింగ్ ముఖ్యం. సార్కోమా, మెలనోమా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి కాబట్టి వాటికి ఎక్స్‌రే ముఖ్యం.

రక్త పరీక్షలో మన ప్రాంతంలో మరిచిపోకూడనిది ప్లేట్‌లెట్ల లెక్క. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లీకియా జ్వరం పైకి ఏమీ కనపడకుండా ప్లేట్‌లెట్లను పడగొట్టేస్తుంది. అలాంటి కుక్కను బల్ల ఎక్కిస్తే రక్తం ఆగదు. ముందు జ్వరానికి మందు వాడి, లెక్క పెరిగాక ఆపరేషన్ పెట్టుకోవాలి. కిడ్నీ, లివర్ పరీక్షలు మత్తు కోసం.

5. డాక్టరుతో మార్జిన్ గురించి మాట్లాడండి

ఈ భాగం నిదానంగా చదవండి. మళ్లీ రావడం గురించిన అసలు కథ ఇక్కడే ఉంది.

మీ కంటికి కనిపించే గడ్డ మొత్తం గడ్డ కాదు. చెడ్డ గడ్డల అంచుల నుంచి కంటికి కనపడని కణాలు చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి, కింది పొరల్లోకి వెళ్లి ఉంటాయి. గరికను పైపైన పీకితే ఏమవుతుందో, గడ్డను గడ్డ వరకే కోస్తే అదే అవుతుంది. అందుకే గడ్డతోపాటు చుట్టూ కొంత మంచి చర్మాన్ని, కింద ఒక మంచి పొరను కూడా కలిపి తీస్తారు. ఆ మంచి భాగమే మార్జిన్.

మాస్ట్ సెల్ గడ్డకు చుట్టూ 2 సెంటీమీటర్లు, కింద కండరం మీది పొర ఒకటి తీయడం ఇప్పుడు ఎక్కువగా పాటించే పద్ధతి. వెనకటి రోజుల్లో అన్నింటికీ 3 సెంటీమీటర్లు తీసేవారు. చిన్న గడ్డయితే గడ్డ వెడల్పు ఎంతో అంతే మార్జిన్ తీసే పద్ధతీ ఉంది. సార్కోమాకు వీలైన చోట 3 సెంటీమీటర్లు తీస్తారు. అంటే 2 సెంటీమీటర్ల మాస్ట్ సెల్ గడ్డకు కోసే చర్మం అడ్డంగా 6 సెంటీమీటర్లు. కుట్టు దానికంటే రెండు మూడు రెట్లు పొడుగుంటుంది. "ఇంత చిన్న గడ్డకు ఇంత పెద్ద కోతా" అని ఆపరేషన్ అయ్యాక బాధపడేవాళ్లుంటారు. చెడ్డ గడ్డకు పెద్ద కుట్టు చూస్తే డాక్టరు పని బాగా చేశారని అర్థం.

పక్కకు ఎంత తీశారన్నది అందరూ చూస్తారు, లోతు సంగతి మరిచిపోతారు. కొవ్వు పొర గడ్డ కణాలను ఆపలేదు. కండరం మీద ఉండే గట్టి పొర ఆపగలదు. గడ్డ కింద ఆ పొరను తీయకుండా కొవ్వు వరకే కోస్తే, పక్కల ఎంత వెడల్పుగా తీసినా అడుగు నుంచి లేస్తుంది.

సార్కోమాలో ఇంకో మోసం ఉంది. దాని చుట్టూ సంచిలాంటి పొర ఏర్పడుతుంది. వేలు పెట్టి తోస్తే గడ్డ మొత్తం గుండ్రంగా, శుభ్రంగా ఊడి వస్తుంది. "మొత్తం వచ్చేసింది" అనిపిస్తుంది. నిజానికి ఆ సంచి గోడ కూడా గడ్డ కణాలతో అయినదే, అది లోపలే మిగిలిపోతుంది. కాబట్టి సార్కోమా తేలిగ్గా ఊడి వచ్చిందంటే సంతోషించాల్సిన పని లేదు.

కాలి కింది భాగంలో, ముఖం మీద అంత మార్జిన్ తీయడానికి చర్మం ఉండదు. అప్పుడు దారులు ఇవి: పక్క చర్మాన్ని తిప్పి కప్పే ఫ్లాప్, గాయాన్ని తెరిచి ఉంచి వారాలపాటు కట్లు కడుతూ మాననివ్వడం, తక్కువ మార్జిన్‌తో తీసి తర్వాత మందులు వాడటం, గడ్డ మరీ చెడ్డదైతే కాలు తీయడం. ఏది మంచిదో గడ్డ గ్రేడును (అది ఎంత చెడ్డదో ల్యాబ్ చెప్పే మెట్టును) బట్టి, కుక్క వయసును బట్టి ఉంటుంది.

డాక్టరును ఇవి నేరుగా అడగండి. ఇది ఏ గడ్డ అనుకుంటున్నారు? పక్కలకు ఎంత, లోతుకు ఏ పొర వరకు తీస్తారు? అక్కడ చర్మం సరిపోతుందా? మత్తు ఎలా ఇస్తారు, గొంతులో ట్యూబు వేస్తారా, ఎవరు కనిపెట్టి ఉంటారు? తీసింది ల్యాబ్‌కు పంపుతారా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. కష్టమైన చోట గడ్డ ఉంటే పశువైద్య కళాశాలల సర్జరీ విభాగాలకు వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కళాశాలల్లో ఆసుపత్రులున్నాయి.

6. ఆపరేషన్ రోజు

ముందు రాత్రి భోజనం అయ్యాక పెద్ద కుక్కకు ఇంకేమీ పెట్టకండి, కనీసం 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. మంచినీళ్లు ఎప్పటివరకు ఇవ్వొచ్చో డాక్టరును అడగండి. షుగర్ ఉన్న కుక్కకు, చిన్న పిల్లకు లెక్క వేరు. వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు, చెప్పేయండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మత్తు దిగేటప్పుడే గండం ఎక్కువ, పూర్తిగా లేచి కూర్చునేవరకు ఆసుపత్రిలోనే ఉంచమనండి.

మాస్ట్ సెల్ గడ్డకు ఆపరేషన్ ముందే యాంటీ హిస్టమిన్, కడుపులో యాసిడ్ తగ్గించే మందు ఇస్తారు. హిస్టమిన్ రక్తంలోకి వస్తే బీపీ పడిపోతుంది, కడుపులో పుండ్లు పడతాయి. ఇంట్లో వాంతులు చేస్తున్నా, విరేచనం నల్లగా వస్తున్నా ముందే చెప్పాలి.

ఒకటికంటే ఎక్కువ గడ్డలుంటే మత్తు ఇవ్వకముందే, మీరు పక్కనుండి, తీయాల్సిన ప్రతి గడ్డ మీదా వెంట్రుకలు కత్తిరించి మార్కర్‌తో గుండ్రంగా గీయించండి. నిలబడినప్పుడు చేతికి తగిలిన చిన్న గడ్డ, కుక్క పక్కకు పడుకున్నాక దొరకదు.

7. తీసిన గడ్డను పారేయనివ్వకండి

సూది పరీక్ష గడ్డ పేరు చెబుతుంది. ఎంత చెడ్డదో, మొత్తం వచ్చిందో లేదో చెప్పగలిగేది కోసిన గడ్డను చూసిన పాథాలజిస్టే. ఆ రిపోర్టు లేకపోతే "మళ్లీ వస్తుందా డాక్టర్?" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు.

గడ్డను ముక్కలు చేయకుండా, చుట్టూ తీసిన మార్జిన్‌తో సహా మొత్తం పంపాలి. తల వైపు ఏదో తెలిసేలా ఒక అంచున కుట్టు వేయాలి, కోసిన అంచులకు రంగు సిరా పూయాలి. ఆ సిరా మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది, గడ్డ కణాలు సిరా దాకా వచ్చాయో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. 10 శాతం ఫార్మలిన్‌లో, గడ్డ పరిమాణానికి పదింతలు ద్రవం పోసి వేయాలి. స్పిరిట్‌లో, సెలైన్‌లో వేయకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. డబ్బా మూతి వెడల్పుగా ఉండాలి, ఫార్మలిన్‌లో గడ్డ గట్టిపడి ఇరుకు మూతిలోంచి బయటికి రాదు. పేరు, తేదీ, ఏ చోటిది అన్నది మూత మీద కాకుండా డబ్బా మీద రాయాలి, మూతలు మారిపోతాయి. డబ్బాను మీరే బస్సులో తీసుకెళ్లాల్సి వస్తే మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టండి. ఫార్మలిన్ ఆవిరి కళ్లకు మంట.

డబ్బులు ఇప్పుడు లేవా? పరీక్ష వద్దనకండి, డబ్బాను దాచమని అడగండి. ఫార్మలిన్‌లో ఉన్న గడ్డను కొన్ని వారాల తర్వాత పంపినా చదవగలరు. పారేసినదాన్ని ఎవరూ చదవలేరు.

8. కుట్లు విప్పేవరకు

మెడకు కోన్, అంటే గాయాన్ని నాకకుండా వేసే గరాటులాంటి పట్టీ, పగలూ రాత్రీ ఉండాల్సిందే. "పాపం, విప్పేద్దాం" అనుకున్న పది నిమిషాల్లో కుక్క కుట్లన్నీ నాకి ఊడదీస్తుంది. 10 నుంచి 14 రోజుల వరకు స్నానం లేదు, మెట్లు ఎక్కడం, మంచం మీదికి దూకడం లేదు. తాడు పట్టి బయటికి తీసుకెళ్లి వెంటనే తీసుకురండి.

మన దగ్గర అన్నింటికంటే భయపడాల్సింది ఈగలకు. పెరట్లో, గేటు దగ్గర పడుకునే కుక్క గాయం మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. ఆ రెండు వారాలూ కుక్కను ఇంట్లోనే, ఫ్యాను కింద ఉంచండి. పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరినూనె పూయకండి. కుట్లు తడిగా, జిడ్డుగా అయితే చీము పడుతుంది.

నొప్పికి మీరు వేసుకునే మాత్రలు ఇవ్వకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, కిడ్నీలను పాడుచేస్తాయి, ప్రాణమే పోవచ్చు. డాక్టరు రాసిన మందు, రాసిన మోతాదులోనే.

కుట్టు కింద మెత్తగా నీరు చేరడం పెద్ద కోతల్లో మామూలే, అది గడ్డ తిరిగి రావడం కాదు. ఎర్రబడి వేడిగా ఉన్నా, వాసన వస్తున్నా, కుట్లు విడినా, తిండి మానేసినా వెళ్లండి.

9. రిపోర్టు చదవడం

రిపోర్టులో మూడు చూడండి: గడ్డ పేరు, గ్రేడు, మార్జిన్. మూడూ కలిపి చదవాలి. మార్జిన్ ఒక్కటే చూసి సంబరపడటం, గ్రేడు ఒక్కటే చూసి కుంగిపోవడం రెండూ సరికాదు.

మాస్ట్ సెల్‌కు 1984 నాటి మూడు గ్రేడుల పద్ధతి, 2011లో వచ్చిన "లో" (తక్కువ), "హై" (ఎక్కువ) అనే రెండు గ్రేడుల పద్ధతి ఉన్నాయి. చాలా రిపోర్టుల్లో రెండూ ఇస్తారు. పాత పద్ధతిలో గ్రేడు 2 అని వచ్చినవి ఎటూ తేలక ఇబ్బంది పెట్టేవి. అందుకే లో, హై ఏదో అడిగి తెలుసుకోండి. లో గ్రేడు గడ్డ మార్జిన్ శుభ్రంగా వస్తే చాలా కుక్కలకు ఆ ఆపరేషన్‌తోనే నయమవుతుంది. లో గ్రేడులో మార్జిన్ సరిపోలేదని వచ్చినా ఎక్కువ కుక్కల్లో అక్కడ మళ్లీ రాదు. హై గ్రేడు అయితే మార్జిన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఒంట్లో వేరేచోటికి పాకే భయం ఉంటుంది కాబట్టి, కత్తి తర్వాత కీమో మాట వస్తుంది.

సార్కోమాలో గ్రేడుకు ఎంత బలముందో 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. గడ్డ అంచునే కోసిన కుక్కల్లో, గ్రేడు 1 వాటికి 7 శాతం, గ్రేడు 2 వాటికి 34 శాతం, గ్రేడు 3 వాటికి 75 శాతం మళ్లీ వచ్చాయి. మార్జిన్ పూర్తిగా శుభ్రంగా ఉన్నవాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. పన్నెండేళ్ల కుక్క మోచేతి దగ్గర గ్రేడు 1 సార్కోమాను తక్కువ మార్జిన్‌తో తీసి కనిపెట్టి ఉండటం తప్పేమీ కాదని నేను చెప్పేది ఇందుకే. అదే గ్రేడు 3 అయితే అలా చెప్పను.

10. మార్జిన్ శుభ్రంగా రాకపోతే

గ్రేడు ఎక్కువగా ఉంటే గడ్డ లేచేదాకా ఆగకండి. గాయం మానిన కొద్ది వారాల్లోనే పాత మచ్చ మొత్తాన్ని, దాని చుట్టూ కొత్త మార్జిన్‌తో, కింద ఇంకో పొరతో కలిపి తీయడం మొదటి దారి. అప్పుడు తీసినదాన్నీ ల్యాబ్‌కు పంపాలి. చర్మం లేని చోటయితే రేడియేషన్ మంచి చికిత్సే గానీ, మన దేశంలో జంతువులకు అది దొరికే చోట్లు చాలా తక్కువ. మాస్ట్ సెల్‌కు విన్‌బ్లాస్టిన్ ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్ మాత్రలు కలిపి ఇస్తారు. టొసెరానిబ్ అనే మాత్ర కూడా ఉంది, అమెరికాలో 2009లో దీనికి అనుమతి ఇచ్చారు. కీమో అనగానే జుట్టంతా రాలి మంచాన పడే మనుషులు గుర్తొస్తారు. కుక్కలకు ఇచ్చే మోతాదు తక్కువ, చాలా కుక్కలు ఆ రోజుల్లో తింటూ తిరుగుతూ ఉంటాయి. ప్రతిసారీ ముందు రక్తంలో తెల్లకణాల లెక్క చూడాలి.

కుక్కకు గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉండి మత్తు తట్టుకోలేదంటే, మళ్లీ కోయించకపోవడం కూడా సరైన నిర్ణయమే. అప్పుడు నొప్పి లేకుండా, గాయం పడకుండా చూసుకోవడమే చికిత్స.

11. తర్వాత ఎలా కనిపెట్టి ఉండాలి

ఇంట్లో నెలకోసారి మచ్చ పొడుగునా వేళ్లతో తడమండి. మచ్చకు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు వరకు చూడండి. డాక్టరు దగ్గరికి మొదటి ఏడాదిన్నర మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి. హై గ్రేడు గడ్డలు తొలి నెలల్లోనే తిరగబడతాయి. లో గ్రేడు సార్కోమా ఏడాది, రెండేళ్లు గడిచాక కూడా లేవొచ్చు, కాబట్టి ఆరు నెలలు బాగుందని ఆపేయకండి.

బిళ్లలు తడమడం డాక్టరు దగ్గర ఒకసారి నేర్చుకోండి. దవడ కింద రెండు వైపులా, భుజం ముందు, గజ్జల్లో, వెనక కాళ్ల మోకాలి వెనక మెత్తటి భాగంలో. మోకాలి వెనకది అన్నింటికంటే తేలిగ్గా చేతికి దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి. గడ్డ ఉన్న వైపు బిళ్ల రెండో వైపు దానికంటే పెద్దగా ఉంటే వెంటనే చూపించాలి.

మచ్చలో ఏదో తగిలిందనగానే మళ్లీ వచ్చిందని అనుకోకండి. లోపలి కుట్టు దారానికి ఒళ్లు ఒప్పుకోక చిన్న గట్టి ముడి ఏర్పడుతుంది. నెలలు గడిచే కొద్దీ అది తగ్గుతుంది, గడ్డ అయితే పెరుగుతుంది. తేల్చేది మళ్లీ ఆ సన్నటి సూదే. పగ్, బాక్సర్ కుక్కలకు మాస్ట్ సెల్ గడ్డలు వేర్వేరు చోట్ల కొత్తవి లేస్తుంటాయి. వేరే చోట లేచినది సాధారణంగా మొదటి ఆపరేషన్ విఫలమైనందువల్ల వచ్చింది కాదు, దాన్ని కొత్త గడ్డగానే లెక్కపెట్టి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

ఒక ఫైలు పెట్టుకోండి. ఫొటోలు, సూది పరీక్ష ఫలితం, ల్యాబ్ రిపోర్టు, ఆపరేషన్‌లో ఎంత మార్జిన్, ఏ పొర తీశారో డాక్టరు రాసిన కాగితం అందులో ఉండాలి. రిపోర్టు మీద ల్యాబ్ వేసిన నంబరును ఫోన్‌లో కూడా రాసుకోండి. గడ్డను ల్యాబ్‌లో మైనపు దిమ్మెలో పెట్టి కొంతకాలం ఉంచుతారు. గ్రేడు మీద అనుమానం వస్తే ఆ నంబరు చెప్పి, అదే దిమ్మె నుంచి ఇంకో పాథాలజిస్టు చేత చూపించుకోవచ్చు, కీమోకు పనికొచ్చే అదనపు పరీక్షలూ చేయించుకోవచ్చు. కుక్కకు మళ్లీ కత్తి పెట్టాల్సిన పని ఉండదు.